కునుకు గారికి, తణుకు నుంచి

మహారాజశ్రీ కునుకు గారికి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం కాదు. మీరు క్షేమమేనని తెలుసు, ఇప్పుడే నా కళ్ల మీంచి లేచి వెళ్లారు కదా. ఈ ఉత్తరం తణుకు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, మా రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరియేటర్ ఉంది కదా, దాని గేర్‌బాక్స్ రిపేరు బిల్లు వెనకాల రాస్తున్నాను. బిల్లు పొడవైనదే. మీ మీద ఫిర్యాదంతా పట్టేస్తుంది.

నేను దిగాల్సింది రావులపాలెంలోనండి.

రాజమండ్రిలో గేర్‌బాక్స్ తీసుకుని, పన్నెండుకే భోంచేసి, పన్నెండున్నరకి బస్సెక్కాను. అమలాపురం బస్సు అప్పుడే వెళ్లిపోయిందంటే, రావులపాలెంలో మారదామని ఈ తణుకు బస్సు ఎక్కాను. జొన్నాడ దాకా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కండక్టరు భుజం తట్టి, "తణుకండి, దిగాలండి" అనడమే. ఈలోగా గౌతమి దాటాను, వశిష్ఠ దాటాను. రెండు గోదావర్లు దాటి ఒక్కదాన్నీ చూడలేదు. వంతెన మీద బస్సు వెళ్తుంటే కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను.

మూడింటికి అమలాపురంలో మా బావమరిది స్థలం రిజిస్ట్రేషన్. సాక్షి సంతకం నాది. ఫోన్లో పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చివరికి దస్తావేజు రాసేవాడి దగ్గర టీలు అందించే కుర్రాడు తన ఆధార్ కార్డిచ్చి సంతకం పెట్టాడట. "పర్లేదులే బావా, ముందు నీ ఆరోగ్యం చూసుకో" అన్నాడు మా బావమరిది. మా వైపు మర్యాదగా తిట్టడమంటే ఇదే.

మర్యాదంటే గుర్తొచ్చింది. పిలవకుండా వచ్చినవాడికైనా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తినకుండా కదలనివ్వని ఊళ్లండి మావి. మాకు ఆ శ్రమ కూడా ఇవ్వలేదు మీరు. నేను కూర్చున్న కుర్చీలోకే వస్తారు. సొసైటీ మీటింగులో వచ్చారు. పెళ్లిలో తలంబ్రాల వేళ ముందు వరసలో వచ్చారు, అది వీడియోలో ఎక్కింది కూడా. మా అబ్బాయి స్కూల్లో టీచరు వాడి లెక్కల మార్కుల గురించి మాట్లాడుతుంటే ఎదురుగానే వచ్చారు. ఆవిడ మాట్లాడటం ఆపేసింది. అప్పుడు నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది నాకు.

మధ్యాహ్నం కాస్త మత్తుగా ఉండటం తప్పు కాదని ఇప్పుడు తెలిసింది. రెండు మూడు గంటల మధ్య ఒంట్లోని గడియారమే కాస్త కిందికి దిగుతుందట. అన్నం తినకపోయినా అంతేనట. కడుపు నిండా అన్నం పడితే ఇంకాస్త దిగుతుంది. ఇక మా సంగతి చెప్పాలా? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి సార్వా, దాళ్వా అంటూ కాలవ నీళ్లతో వడ్లు పండిస్తూనే ఉన్నాం. ఊరూరా తినే స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, మా మార్టేరులో పుట్టిందే. తెల్లటి అన్నం మీద పప్పు, నెయ్యి, చేపల పులుసు, చివర్లో పెరుగు, వేసవైతే పెరుగులోకి మామిడిపండు. అంతా అయ్యాక మీరొచ్చి పావుగంట కూర్చుని వెళ్తే ఎవడు కాదంటాడు? మా తాత అరుగు మీద తువ్వాలు పరిచి మరీ పిలిచేవాడు మిమ్మల్ని. మీరు వచ్చేవారు, వెళ్లేవారు. ఆయన లేచి మొహం కడుక్కుని చేనుకెళ్లేవాడు.

నా దగ్గరకొచ్చేసరికి వెళ్లడం మర్చిపోయారు.

రొయ్యల సీజన్లో అయితే ఒప్పుకుంటాను. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలు ఎండకి ఆక్సిజన్ తయారుచేసే నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. రొయ్య పైకి తేలిందంటే పెట్టుబడంతా తేలినట్టే. కరెంటు పోయిందంటే జనరేటర్ దగ్గరికి పరుగు. ఆ రోజుల్లో నాకు నిద్ర చాలదు, మీరు పగలు వచ్చి వసూలు చేసుకుంటారు, న్యాయమే. కానీ రొయ్యల పట్టుబడి అయిపోయి మూడు వారాలైంది. చెరువు ఎండగట్టాం. రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేస్తున్నాను. ఎనిమిది గంటలు! పెద్దవాళ్లకి ఏడు గంటలు చాలంటారు. ఒక గంట ఎక్కువే కడుతున్నాను. రోజూ బాకీ మొత్తం జమ చేస్తుంటే, మధ్యాహ్నానికల్లా మళ్లీ పూర్తి బాకీ రాసుకుని గుమ్మంలోకి వస్తారే, ఏ వడ్డీవ్యాపారి దగ్గర నేర్చుకున్నారండీ ఈ లెక్కలు? నేను కట్టిన ఎనిమిది గంటలు ఎవరు తింటున్నారు?

ఈ ప్రశ్న ఊళ్లో అందర్నీ అడిగాను. మా పిన్ని దిష్టి అంది. ఎదురింటాయన రక్తం తక్కువన్నాడు. ఊళ్లో సూదిమందు వేసే ఆయన "నీరసానికి సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటావు" అని గ్లూకోజు సీసా వేలాడదీశాడు. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది పాతిక గ్రాముల చక్కెర. ఆ మాత్రం తీపి ఆత్రేయపురం పూతరేకుల్లో దొరుకుతుంది, సూది లేకుండా. అయినా ఆ సీసా ఎక్కుతుండగానే నిద్రపోయాను. మందు పని చేసిందని ఆయన సంతోషించాడు.

టీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మిమ్మల్ని తరమడానికి రోజుకి ఆరు తాగేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి తాగిన టీలో మత్తు విరిచే సరుకు సగం రాత్రి పదకొండుకీ ఒంట్లోనే తిరుగుతుంటుందట. అంటే మిమ్మల్ని పగలు తరమబోయి రాత్రి కూడా సరిగ్గా రానివ్వలేదన్నమాట. ఆ తప్పు నాదే. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటాక టీ లేదు. అయినా మీరు తగ్గలేదు.

అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచాను. పది రోజులు చూశాను. మీరు రావడం అరగంట ఆలస్యమైంది, మానలేదు.

సరే అని కాకినాడ వెళ్లి రక్తపరీక్షలన్నీ చేయించాం, నేనూ మా ఆవిడా కలిసి. హిమోగ్లోబిన్ 14, షుగర్ లేదు, థైరాయిడ్ బాగుంది, బీ12 బాగుంది. నాకంతా బాగుంది. మా ఆవిడ కాగితం చూశాను. హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి.

ఇక్కడ ఒక మాట అడగాలి మిమ్మల్ని. అంత రక్తం తక్కువైన మనిషి దగ్గరికి మీరెందుకు రారు? లేక వచ్చి, పొయ్యి మీద కూర, దండెం మీద బట్టలు, గుమ్మంలో పాలవాడు కనిపించి, కూర్చునే చోటు లేక వెనక్కి వెళ్లిపోతారా? 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. వాళ్లెవరూ సొసైటీ మీటింగులో గురక పెట్టగా చూడలేదు నేను. ఆవిడకి ఐరన్ మాత్రలు రాశారు, అన్నం తినగానే టీ తాగొద్దన్నారు, తాగితే తిన్న ఇనుము ఒంటబట్టదట. ఇన్నేళ్లూ ఆ టీ నేను అడిగితేనే పెట్టి, తనూ ఓ గ్లాసు పోసుకునేది. ఇంతకంటే రాస్తే ఈ ఉత్తరం మీకు కాకుండా పోతుంది.

డాక్టరు గారు నాకు ఒక కాగితం ఇచ్చారు. ఎనిమిది ప్రశ్నలు. చదువుతుంటే, టీవీ చూస్తుంటే, నలుగురిలో ఊరికే కూర్చుంటే, గంటసేపు కారులో వెళ్తుంటే... నిద్రపట్టే అవకాశం ఎంత? ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. 1991లో ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు తయారుచేశాడట. పది దాటితే ఆలోచించాలి. ఇరవై నాలుగుకి పంతొమ్మిది తెచ్చుకున్నాను. "ఎదుటి మనిషితో మాట్లాడుతూ" అన్నచోట ఒకటి వేసుకోబోతే, పక్కనుంచి మా ఆవిడ "రెండు" అంది.

తర్వాత ఆయన నా నాలుక చూడలేదు, కళ్లు చూడలేదు. చొక్కా కాలర్ సైజు అడిగాడు. నలభై నాలుగండీ అన్నాను. గురక ఉందా అన్నాడు. నేను లేదన్నాను. మా ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసింది.

కునుకు గారూ, ఆ రికార్డింగు మీరూ వినాలి. మొదట చెరువు గట్టు మీద డీజిల్ ఇంజను. తర్వాత ఏమీ లేదు. ఇంజను ఆగింది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, దూరంగా కుక్క. మా ఆవిడ గొంతు మెల్లగా లెక్కపెడుతోంది: "పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి." ఇరవై రెండు దగ్గర నేను నీళ్లలో మునిగినవాడిలా ఎగశ్వాస తీసుకుని మళ్లీ ఇంజను స్టార్టు చేశాను. రాత్రికి ఎన్నిసార్లో! ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి నన్ను లేపుతుందట, పొద్దున్నకి నాకు గుర్తుండదట. నేను కట్టిన ఎనిమిది గంటలు అలా చిల్లరగా రాలిపోతున్నాయి. ఇన్నేళ్లు తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని రొయ్యలకి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకున్నాను. నా పక్కన ఇంకో మనిషి తొమ్మిది పాయింట్ల రక్తంతో మేలుకుని నా ఊపిరి చూసుకుంటోంది.

అందుకని తప్పంతా మీది కాదని క్షమించేస్తాననుకుంటున్నారా? పోయిన నెల కాలవ గట్టు మీద బండి మీద వస్తుంటే వచ్చావు చూడు, అది క్షమించను. ఇక్కడ గారూ లేదు, అండీ లేదు. వెనక మా అబ్బాయి కూర్చున్నాడురా! ఎడమ పక్క నిండు కాలవ. వాడు "నాన్నా" అని అరిచేసరికి ముందు చక్రం గట్టు దిగిపోయి తుమ్మచెట్టుకి ఆనింది. కాలవలో కారు పడిందని, డ్రైవరు నిద్రమత్తని పేపర్లో చదివినప్పుడల్లా తాగి నడిపుంటాడు వెధవ అనుకునేవాణ్ణి. సిగ్గులేదా నీకు? పిల్లాడు వెనకుంటే కూడా ఆగలేవా?

క్షమించండి. ఇందాక తాగిన మజ్జిగ పడలేదనుకుంటాను.

వచ్చే మంగళవారం రాత్రి నన్ను కాకినాడ ఆసుపత్రిలో పడుకోబెడతారు. తల మీద తీగలు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో రాత్రంతా లెక్కపెడతారు. జబ్బు అదే అయితే బరువు తగ్గాలి, రాత్రిళ్లు మూతికి తొడుగు పెట్టుకుని గాలి ఊదే మిషను తగిలించుకోవాలి. మా అబ్బాయి విని, "నాన్నకీ ఏరియేటర్ పెడతారా?" అన్నాడు. వాడికి లెక్కలు రావన్న టీచరు మాట నేను నమ్మను.

మనవి ఏమంటే, మంగళవారం రాత్రి పదింటికి ఆ ఆసుపత్రికి తప్పకుండా రండి. పెళ్లికి పిలవకుండా వచ్చారు, మీటింగుకి వచ్చారు. ఈసారి మొదటిసారి పిలిచి రమ్మంటున్నాను, పరీక్షకి డబ్బు కూడా కట్టాను. కొత్త చోటు, ఒంటినిండా తీగలు అని బెట్టు చేసి ఆ ఒక్క రాత్రీ ఎగ్గొట్టారంటే నేనెవరికీ చెప్పుకోలేను.

రావులపాలెం వెళ్లే బస్సు వచ్చిందండి. సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. గేర్‌బాక్స్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను నిలబడే వెళ్తాను.

ఇట్లు,
మీ పాత బాకీదారు