స్ట్రెస్ కాదండీ, అది పురుగు

ఇప్పుడే అక్వేరియం షాపు నుంచి వచ్చాను. ఇది రాయకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

సంప్‌కి (ట్యాంకు నీళ్లు శుభ్రమయ్యే కింది తొట్టి) పైపు జాయింటు కొందామని వెళ్తే కౌంటర్ దగ్గర తండ్రీ కూతురూ పౌడర్ బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపను కొంటున్నారు. రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. వేవ్‌మేకర్‌కి (నీళ్లలో అలలు పుట్టించే మోటారు) ఎదురుగా నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తోంది, ఉండుండి ఒళ్లు తీసుకెళ్లి రాయికేసి రుద్దుకుంటోంది. ఆ తండ్రికి అనుమానం వచ్చింది కూడా. "ఈ చుక్కలేంది అన్నా?" అని అడిగాడు. "ఏం లేదన్నా, స్ట్రెస్. కొత్త జాగ కదా, రెండ్రోజుల్ల పోతయ్" అన్నాడు షాపతను. నేను ఉండబట్టలేక, "అది జబ్బు సార్, తీసుకోకండి" అన్నాను. "మీకు కావాల్సింది మీరు తీస్కోండి సార్, నా గిరాకీ చెడగొట్టకండి" అని నా మీదికొచ్చాడు. చేప కవర్లోకి ఎక్కింది, ఆక్సిజన్ కొట్టాడు, రబ్బరు బ్యాండు వేశాడు. ఇంట్లో ఇప్పటికే రెండు క్లౌన్ చేపలు ఉన్నాయని ఆ పాప పేర్లతో సహా చెప్పింది నాకు.

ఆ రెండింటికీ ఇక మూడినట్టే. కోపం రాదా మరి?

ఈ పురుగేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1937లోనే జపాన్‌లో సికామా దీని గురించి రాశాడు. 1951లో బ్రౌన్ దీనికి క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు పెట్టింది. చేపలు పెంచేవాళ్లం దీన్ని మెరైన్ ఇక్ అంటాం. ఎక్కడ పుడుతుంది, ఎక్కడ దాక్కుంటుంది, ఏది వేస్తే చస్తుంది, అన్నీ తెలిసిపోయి దశాబ్దాలయింది. ఇంత తెలిసాక కూడా కౌంటర్ వెనక నిలబడి "స్ట్రెస్" అనడాన్ని తెలియనితనం అందామా? రోజూ వందల చేపలు చేతుల మీదుగా పోయే మనిషికి తెలియదంటే నేను నమ్మను.

రెండ్రోజుల్లో పోతాయన్నాడు కదా, చుక్కలు నిజంగానే పోతాయి. అసలు మోసమంతా అక్కడే ఉంది. ఆ తెల్లచుక్క చర్మం కింద కూర్చుని చేపను తింటున్న పురుగు. మూడు రోజుల నుంచి వారం దాకా తిని, కడుపు నిండాక రాలిపోతుంది. చేప ఒళ్లు శుభ్రంగా కనిపిస్తుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. రాలిన పురుగు మాత్రం రాయి మీదో ఇసుకలోనో అద్దానికో అంటుకుని గట్టి గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలో ఒకటి వందలుగా చీలుతుంది. చీలినవన్నీ ఒక తెల్లవారుజామున బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. కానీ గాజు పెట్టెలో చేప దొరక్కపోవడం ఎక్కడుంటుంది? సముద్రంలో అయితే ఆ లోపల చేప ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. మన ట్యాంకులో చేప రాత్రిపూట పడుకునే రాయి అదే, దాని కింద గుల్లా అదే. రెండోసారి వచ్చేటప్పుడు పది చుక్కల చోట ఒళ్లంతా ఉంటుంది, చర్మం మీద కంటే ముందు మొప్పల్లో ఉంటుంది. చేప ఊపిరాడక చస్తుంది. అప్పుడు షాపుకి ఫోన్ చేస్తే "వాటర్ పారామీటర్స్ చూస్కున్నారా సార్?" అంటారు. తప్పు మళ్లీ మన నెత్తినే.

ఇక మన అక్వేరియం గ్రూపుల్లో పెద్దమనుషుల సలహాలు. వెల్లుల్లి రసంలో మేత నానబెట్టమని ఒకరు. క్లీనర్ ష్రింప్ (చేపల ఒళ్లు శుభ్రం చేసే రొయ్య) కొనుక్కో, ఏరుకుని తింటుందని ఇంకొకరు. పురుగు చర్మం లోపల ఉంటే రొయ్య పైనుంచి ఏం ఏరుతుందండీ? హీటర్ పెంచమని మూడో ఆయన. మంచినీళ్ల చేపలకు వచ్చే ఇక్‌కి వేడి పనిచేస్తుంది, అది వేరే జీవి. ఉప్పునీటి పురుగు వేడికి చావదు సరికదా, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి ఆయాసపడుతున్న చేప ఇంకా తొందరగా పోతుంది. ఈ సలహా ఇచ్చినాయన మెరైన్ ట్యాంకు పెట్టారో లేదో కూడా నాకు అనుమానమే. అయినా దానికి ఎన్ని లైకులో.

మందు లేని జబ్బయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. రాగి ఉంది. మన రైతులు తోటలకు కొట్టే మైలుతుత్తంలో ఉన్న రాగే. సాదా కాపర్ సల్ఫేట్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉండాలి. తగ్గితే పురుగు చావదు, మించితే చేప చస్తుంది, అందుకే కిట్‌తో రోజూ కొలవాలి. కీలేటెడ్ (రాగిని వేరే పదార్థంతో కట్టి ఉంచిన) మందు సీసాలకు లెక్క వేరు, సీసా మీద ఏది రాసుంటే అదే. ఏ రకం రాగైనా సరే, చర్మం కింద ఉన్నదాన్నీ, గుల్లలో ఉన్నదాన్నీ ముట్టుకోదు. నీళ్లలో ఈదుతున్న పిల్లల్ని మాత్రమే చంపుతుంది. అందుకే వారాలపాటు ఆ మోతాదు నిలబడాలి. ఒక్క పూట వేసి "చుక్కలు పోయాయి" అని ఆపేసేవాళ్లకి దండం. ఇంకొంతమంది తీసుకెళ్లి డిస్‌ప్లే ట్యాంకులోనే పోసేస్తారు. కోరల్స్, నత్తలు, రొయ్యలు అన్నీ చస్తాయి, లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే, సూక్ష్మజీవులున్న సముద్రపు రాయి) ఆ రాగిని పీల్చి పెట్టుకుంటుంది. వేరే ట్యాంకు కావాలి బాబూ, వేరే ట్యాంకు!

వేరే ట్యాంకంటే లక్షలు అక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ టబ్బులు, హీటరు, ఎయిర్ స్టోను, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. మూడు రోజులకోసారి చేపను కొత్త ఉప్పునీళ్లున్న రెండో టబ్బులోకి మార్చాలి, పాత టబ్బును కడిగి బాగా ఎండబెట్టాలి. అలా నాలుగుసార్లు. గుల్లలు పగిలేలోపే చేప అక్కడ ఉండదు. ఒక్క చుక్క మందు లేకుండా పని అయిపోతుంది. లేదా ఉప్పదనం (నీళ్ల సాంద్రత లెక్కలో) 1.025 నుంచి మెల్లగా 1.009కి దింపి పెట్టాలి, అది రిఫ్రాక్టోమీటర్‌ అనే ఉప్పు కొలిచే పరికరంతో కొలవాలి, పది రూపాయల ప్లాస్టిక్ ముల్లుతో కాదు. ఈలోపు డిస్‌ప్లే ట్యాంకులో ఒక్క చేప కూడా ఉండకూడదు. పరీక్షల్లో కొన్ని గుల్లలు 72 రోజులకు కూడా పగిలాయి. అందుకే రెండున్నర నెలలు ఖాళీ ఉంచమంటారు. "అన్నాళ్లు ఖాళీ ట్యాంకు చూస్తూ కూర్చోవాలా?" అని అడుగుతారు. కూర్చోవాలి. అంత ఓపిక లేనివాళ్లు ప్లాస్టిక్ చేపలు పెట్టుకోండి.

ఇదంతా ఇక్ సంగతి. వెల్వెట్ అనే ఇంకో పురుగు జబ్బు వస్తే ఇంత టైం కూడా ఉండదు. చుక్కలు విడివిడిగా కనిపించవు, చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే ఒంటి మీద సన్నటి పసుపు పొడిలా మెరుస్తుంది. చాలాసార్లు అది కనిపించకముందే చేప మేత మానేసి, వెలుతురుకు దూరంగా పోయి, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఉప్పదనం దింపితే ఆ పురుగుకి లెక్కే లేదు. రాగి కావాలి, లేదంటే క్లోరోక్విన్ ఫాస్ఫేట్ అనే మలేరియా మందు. ఆ పేరెత్తితే ఇప్పటికీ మందుల షాపులో నన్ను వింతగా చూస్తారు. 2020 మార్చిలో అమెరికాలో, అరిజోనాలో ఒకాయన కరోనాకి మంచిదని చేపల ట్యాంకులో వేసే క్లోరోక్విన్ మింగి చనిపోయాడు. చేపకు కొలిచి వేసేదాన్ని మనిషి చెంచాతో మింగడమేంటి! ఆయన ప్రాణం పోయింది, ఆ మందు పేరూ చెడింది.

షాపుల సంగతికొస్తే, వరసగా ఇరవై ట్యాంకులుంటాయి, కింద సంప్ ఒక్కటే. ఒక చేపకు పురుగుంటే ఇరవైకీ ఉన్నట్టే. దాన్ని కప్పిపుచ్చడానికి కొన్నిచోట్ల అరకొర మోతాదులో రాగి వేసి ఉంచుతారు. పురుగు చావదు, అణిగి ఉంటుంది. చేప మిలమిలా మెరుస్తూ అమ్ముడవుతుంది. మన ఇంటికొచ్చి రాగి లేని నీళ్లలో పడ్డాక వారంలో బయటపడుతుంది. అప్పుడూ మన నీళ్లదే తప్పు. "క్వారంటైన్ చేసిందే సార్" అంటారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అని అడిగి చూడండి, మొహం చాటేస్తారు.

నాకు వీళ్లందరికంటే ఎక్కువ మండేది ఇంకొకటుంది, ఎప్పటినుంచో ఉంది. మాది భీమవరం పక్కన. మా బావకి రొయ్యల చెరువులున్నాయి. రొయ్య తల మీద చిన్న మచ్చ కనిపిస్తే చాలు, కవర్లో వేసుకుని బండి మీద ల్యాబ్‌కి పరిగెడతాడు. అక్కడ వీధికో ఆక్వా ల్యాబ్. వైట్ స్పాట్ వైరస్‌కి పీసీఆర్, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బుకి పీసీఆర్, మైక్రోస్కోపులు, కుర్రాళ్లు, సాయంత్రానికల్లా రిపోర్టు. మంచిదే, కోట్ల పెట్టుబడి. కానీ నేను నా చేప మొప్ప మీద నుంచి గీకిన జిగురు ఒక్క స్లైడు చూసి పెట్టమంటే, "అలంకరణ చేపలకి చూడమండీ" అన్నారు. రెండు నిమిషాల పని. పురుగు ఏదో తెలిస్తే మందు ఏదో తెలుస్తుంది. హైదరాబాద్‌లో పశువుల డాక్టర్ దగ్గరకెళ్తే కుక్కలవీ పిల్లులవీ తప్ప చూడరు. డబ్బు ఇస్తానన్నా చూడరు.

మా బావ ఏమంటాడో తెలుసా? "చేపే కదరా, పోతే ఇంకోటి కొనుక్కో." ఇదే మాట ఇంట్లో వాళ్లు, ఆఫీసులో వాళ్లు, ఆఖరికి హాబీలో ఉన్నవాళ్లు కూడా. ఆ "ఇంకోటి" ఎక్కడి నుంచి వస్తుంది బావా? క్లౌన్‌లంటే హ్యాచరీలో పుట్టించవచ్చు, మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు తమిళనాడు మండపంలో, కేరళ విళింజంలో చేసి చూపించారు. మన షాపుల్లో కనిపించే పౌడర్ బ్లూ టాంగ్ హిందూ మహాసముద్రంలో పగడపు దిబ్బ మీద తిరుగుతున్నదాన్ని వల వేసి పట్టుకొచ్చిందే. ఆ కుటుంబంలో 30 ఏళ్లు దాటి బతికేవి ఉన్నాయని చేప చెవిలో ఉండే చిన్న రాయి మీద వలయాలు లెక్కపెట్టి తేల్చారు. అలాంటిదాన్ని సముద్రం నుంచి లాక్కొచ్చి, పడవ, విమానం, మూడు షాపులు తిప్పి, వారంలో చంపి "ఇంకోటి" అంటారా? ఒక కుక్క పోతే ఇలా అనగలరా ఎవరైనా?

షాపుల వాళ్లకి ఒక్కటే చెప్తున్నా. చుక్కలున్న చేపను అమ్మకండి. అమ్మితే ఆ కొనేవాడికి నిజం చెప్పి అమ్మండి. ల్యాబుల వాళ్లూ, ఫీజు ఎంతో చెప్పండి, ఇస్తాం, ఆ ఒక్క స్లైడు చూడండి.

కూకట్‌పల్లి చుట్టుపక్కల ఎవరి చేపకైనా చుక్కలు వస్తే నా దగ్గర రెండు టబ్బులు ఖాళీగా ఉన్నాయి, హీటరు, రాగి టెస్ట్ కిట్, రిఫ్రాక్టోమీటర్ ఉన్నాయి. డబ్బులేమీ వద్దు. మెసేజ్ పెట్టి వచ్చి తీసుకెళ్లండి, రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.