దిష్టిచుక్క పెట్టుకున్న ఫోల్డరుకు

నా లినక్స్ ల్యాప్‌టాప్ హోమ్ డైరెక్టరీలో కాపురముంటూ, ప్రోగ్రాముల సెట్టింగులు చూసుకునే శ్రీ డాట్ కాన్ఫిగ్ (.config) గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తెలుసు, ఫైళ్ళ పాత ప్రతులన్నీ భద్రపరిచే గిట్‌లోకి రాత్రే ఎక్కించాను. క్షేమం లేనిది నాకే.

ముందు మీ పేరు మొదట్లో ఉన్న ఆ చుక్క సంగతి. పసిబిడ్డ బుగ్గన పెట్టే దిష్టిచుక్క లాంటిదనుకునేవాణ్ణి. కాదట. లినక్స్‌కు పెద్దదిక్కైన యూనిక్స్ తొలినాళ్ళలో, ఫైళ్ళ జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండు ఒంటి చుక్క (ఉన్న ఫోల్డరు), జంట చుక్కలు (దాని పై ఫోల్డరు) అనే రెండు ఎంట్రీలను మాత్రమే దాచాలి. రాసినవాళ్ళు మొదటి అక్షరం చుక్కేనా అని చూసి సరిపెట్టేశారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ మాయం. ఈ కథ చెప్పింది యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్. అంటే మీరు పుట్టుకతో గుట్టు కాదు, ఎవరి బద్ధకం వల్లో చాటున ఉండిపోయారు. ఇలాంటి సెట్టింగుల ఫైళ్ళకు మీ ఇంట్లో చోటిమ్మని, లినక్స్ డెస్క్‌టాప్‌లకు ఉమ్మడి పద్ధతులు రాసే ఎక్స్‌డీజీ వాళ్ళు 2003లోనే చెప్పారు. కమాండ్లు తీసుకునే బాష్ సెట్టింగుల ఫైలు డాట్ బాష్ఆర్‌సీ మాత్రం ఇప్పటికీ వాకిట్లోనే మంచం వేసుకుంటుంది. పెద్దాయన, ఏమనగలం?

ఇక నా గోడు. సంక్రాంతికి ఊరెళ్ళాలి. రైలు రిజర్వేషన్ తెరిచేది ఉదయం 8 గంటలకు. ఏడున్నరకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. చూస్తే తెర అంచున టైము, బ్యాటరీ చూపే పట్టీ పాలీబార్‌లో గడియారం బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. ఐకాన్ల ఫాంటు కొత్త వెర్షన్‌లో కొన్ని బొమ్మల నంబర్లు మార్చేశారు. ఒక్క నంబరే కదా అని మీ గడప తొక్కాను. నంబరు మార్చాక రంగు నప్పలేదు. రంగు మార్చాక పక్కనున్న బ్యాటరీ బొమ్మ చిన్నబోయింది. చివరికి గడియారం ముత్యంలా కుదిరింది. అందులో టైము 8:24.

తెర పగిలిన ఫోన్‌లో మా బావమరిది 8:03కే టికెట్లు తీశాడు, వాళ్ళింటికి. పైగా నా వెనక నిలబడి, "బావా, దీంట్లో స్టార్ట్ బటనేదీ?" అన్నాడు. ఐకాన్ లేదు, మెనూ లేదు, మౌస్‌తో పని లేదు. ఇలా చేసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టిందని వాడికెలా చెప్పను? మీటలు నొక్కితే క్షణాలు కలిసొస్తాయని మొదలెట్టిన కాపురమిది. కలిసొచ్చిన క్షణాలన్నీ మీకే కట్నంగా పోశాను.

ఆ కోపంలో మిమ్మల్ని నిలువునా డిలీట్ చేశాను. ఒప్పుకుంటున్నాను. మళ్ళీ లాగిన్ అవగానే, తెర మీద కిటికీలను సర్దిపెట్టే ఐత్రీ (i3) ఓ చిన్న డబ్బా తెరిచి, నన్నెప్పుడూ చూడనట్టు అడిగింది: షార్ట్‌కట్‌లకు మీకు విన్ కీ కావాలా, ఆల్ట్ కీ కావాలా? ఆరేళ్ళ తర్వాత ఆ ప్రశ్న! ఏదో రైల్వే ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడ్డట్టయింది.

పావుగంటలో గిట్ నుంచి మిమ్మల్ని వెనక్కి తెచ్చుకున్నాను. కిటికీల మధ్య సందు మాత్రం 8 పిక్సెళ్ళ నుంచి 10 చేశాను. నా కోపం మీకు తెలియాలి కదా.

ఇట్లు,
వెయిటింగ్ లిస్టు 143