భద్రతకు వేరియంట్లు ఏమిటి?

ఎస్‌యూవీ ఎందుకు కొంటున్నారని అడిగితే చాలామంది ముందు చెప్పే మాట భద్రత. ఎత్తుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, పిల్లాపాపలతో వెళ్తున్నప్పుడు ధీమాగా ఉంటుంది అంటారు. ఆ ధీమా కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ భద్రతనే ముక్కలు చేసి, కొంత కింది వేరియంట్‌లో, మరికొంత మధ్య వేరియంట్‌లో, మిగిలినది సన్‌రూఫ్‌తో కలిపి టాప్ మోడల్‌లో పెట్టి అమ్మే పద్ధతి మాత్రం మాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఇంజిన్ విషయంలో ఎంపిక ఉండాల్సిందే. ఎవరి అవసరం వారిది. ఏడుగురు ఎక్కి, సామానుతో ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు అక్కరకొచ్చేది బ్రోషర్‌లో పెద్దక్షరాల్లో కనిపించే హార్స్‌పవర్ కన్నా తక్కువ ఆర్‌పీఎంలోనే (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) అందే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. 2,000 ఆర్‌పీఎం లోపే బండి బాగా లాగితే ఓవర్‌టేక్ చేసేటప్పుడు టెన్షన్ ఉండదు. డీజిల్‌కు ఈ గుణం ఎప్పటినుంచో ఉంది, టర్బో పెట్రోల్ కూడా బాగా దగ్గరికొచ్చింది. కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే ఇంటికి డీజిల్ నప్పదు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు ఆగకుండా నడవాలి. చిన్న చిన్న ప్రయాణాల్లో ఆ అవకాశం దొరక్క ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ అందించే ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే బండి బాగా ఆగుతుందన్న అపోహ మరీ ప్రమాదకరం. బురదలో, ఇసుకలో, జారుడు రోడ్డు మీద బండి ముందుకు కదలడానికి అది నిజంగా పనికొస్తుంది. ఆపడానికి మాత్రం కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. తడి రోడ్డు మీద బండిని నిలబెట్టేది టైర్ల పట్టే. వేగం 50 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే బండిలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. డ్యాష్‌బోర్డు మీద ‘4డబ్ల్యూడీ’ లైటు వెలిగినంత మాత్రాన ఈ లెక్క మారదు.

ఎత్తుగా ఉన్న బండికి గురుత్వకేంద్రం కూడా ఎత్తులోనే ఉంటుంది. ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే పల్టీ కొట్టే ముప్పు కారు కంటే ఎక్కువ. అందుకే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఎస్‌యూవీకి అలంకారం కాదు, ప్రాణావసరం. బండి అదుపు తప్పుతోందని సెన్సార్లు పసిగట్టగానే అవసరమైన ఒక్క చక్రానికే బ్రేక్ వేసి దారిలో పెడుతుంది. 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో మార్కెట్లోకి వచ్చిన ఈ వ్యవస్థను యూరోపియన్ యూనియన్ 2014 నాటికి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేసింది. ఇంత పాత టెక్నాలజీని ఇంకా ఎక్కడైనా పై వేరియంట్ ప్రత్యేకతగా చూపిస్తుంటే దాన్ని ఏమనాలి?

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది వెనక సీట్లు, అందులోనూ మూడో వరుస. సాధారణంగా అక్కడికి వెళ్లేది పిల్లలే. చాలా బండ్లలో ఆ సీటుకూ డిక్కీ తలుపుకూ మధ్య ఖాళీ చాలా తక్కువ. వెనక నుంచి ఏ వాహనమైనా ఢీకొంటే దెబ్బ ముందుగా తగిలేది వాళ్లకే. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు అని గొప్పగా రాస్తారు. పక్క అద్దాల మీదుగా జారే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుసదాకా వస్తుందో, రెండో వరుసతోనే ఆగిపోతుందో మాత్రం ఆ అంకె చెప్పదు. ఢీకొన్న క్షణంలోనే బెల్టులోని వదులును లాగేసే ప్రీటెన్షనర్ కూడా ముందు సీట్లకే పరిమితమైన బండ్లు ఉన్నాయి. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరుసలో ఉంటాయి, చివరి వరుసలో చాలావాటికి ఉండవు.

బండిని ఢీకొట్టించి చూసి భద్రతకు ఇచ్చే క్రాష్ టెస్టు స్టార్లు చూడాలి, సందేహం లేదు. కాకపోతే ఎదురు ఢీ పరీక్షలో వచ్చిన మార్కులను దాదాపు ఒకే బరువున్న బండ్ల మధ్యే పోల్చుకోవాలి. పరీక్షకు పెట్టిన బండిలో ఉన్న పరికరాలే మనం కొనే వేరియంట్‌లోనూ ఉన్నాయా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

నేడు మనం వాడుతున్న త్రీ పాయింట్ సీటు బెల్టును 1959లో వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ పేటెంట్‌ను మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా వోల్వో తెరిచిపెట్టింది. ప్రాణం కాపాడే వస్తువును పోటీ కంపెనీలకే ఇచ్చిన చరిత్ర ఈ పరిశ్రమకు ఉంది. సొంత కస్టమర్లలో కింది వేరియంట్ కొన్నవారికి అదే భద్రత ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటి?

ఇంజిన్, గేర్‌బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్, తోలు సీట్లు ఎన్ని వేరియంట్లుగానైనా అమ్ముకోండి. స్టెబిలిటీ కంట్రోల్, ప్రతి సీటుకూ ప్రీటెన్షనర్‌తో త్రీ పాయింట్ బెల్టు, చివరి వరుసదాకా కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మాత్రం బేస్ మోడల్‌లోనే ఉండాలి. ఏ వరుసలో ఏముందో బ్రోషర్‌లో విడివిడిగా రాసేలా ప్రభుత్వాలు నిబంధన పెట్టాలి. కొనేవారు టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లాలి. చివరి వరుసలో కూర్చోబోయేవారిని అక్కడే కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉందా అని సేల్స్‌మన్‌ను అడగాలి. జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోవాలి.