కౌంటర్ అద్దానికి అటువైపు

బ్యాంకుల్లో డిజైన్ అనగానే అందరి చూపూ మొబైల్ యాప్ మీదికే పోతుంది. ఒకటో తారీఖున హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో పింఛను కోసం నిలబడ్డ పెద్దాయన క్యూ కదలాలంటే మాత్రం, కౌంటర్ అద్దానికి అటువైపు క్లర్కు చూస్తున్న స్క్రీన్ మారాలి.

ఈమధ్య మా అమ్మ ఖాతాలో చిరునామా మార్పించడానికి వెళ్లాను. బ్యాంకు పేరు ఎందుకులెండి. కౌంటర్లో అమ్మాయి మానిటర్ అంచున పసుపు చీటీలు అంటించుకుంది. ఏ పనికి ఏ మెనూ కోడ్ కొట్టాలో వాటి మీద చేత్తో రాసి ఉంది. మూడు స్క్రీన్లు నింపాక పిన్‌కోడ్ దగ్గర ఎర్రర్ వచ్చి, కొట్టిందంతా పోయింది. నా వెనక పదిమంది. తిట్లు తిన్నది మాత్రం ఆ అమ్మాయే.

ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేస్తారు కాబట్టి తప్పు జరగదని బ్యాంకుల ధీమా. కానీ 2020 ఆగస్టులో అమెరికాలోని సిటీబ్యాంకులో ఒక చెల్లింపును ముగ్గురు చూసి ఓకే చేశారు. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అప్పు మీద సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ మాత్రమే వెళ్లాల్సింది, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. అసలు సొమ్ము బయటికి పోకుండా ఆపాలంటే స్క్రీన్ మీద మూడు గడులు నింపాలి, ఒక్కటే నింపారు. డబ్బు బ్యాంకు దాటి పోతోందని హెచ్చరిక వచ్చింది కానీ, ఎంత పోతోందో అందులో లేదు. వడ్డీ ఎలాగూ పోవాల్సిందే కదా, ఎవరికి అనుమానం వస్తుంది? ఆ స్క్రీన్‌ను పదిమంది చూసినా అదే తప్పు చేసేవారు. ఆ డబ్బు కోసం వేసిన కేసులో బ్యాంకు ముందు ఓడింది, 2022 సెప్టెంబరులో అప్పీలులో గెలిచింది.

మన దగ్గర చిన్న సంగతులే చూడండి. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నానే. అక్కడ ఎవరైనా ఇంగ్లిష్ 'ఓ' కొడితే తప్పని వెనక్కి పంపడం దేనికి, స్క్రీనే సరిచేసుకోవచ్చు. యూపీఐలో డబ్బు పంపేముందే అవతలివాళ్ల పేరు కనిపిస్తుంది. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు ఆ సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోపు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పి డబ్బు ఇంకెవరికో పడితే ఫిర్యాదు రాయడం, అవతలి బ్యాంకును బతిమాలడం, రోజుల తరబడి టెన్షన్. శాఖలో ఒక మనిషి పూట అంతా దానికే పోతుంది. ఆ పేరు కనిపించే ఒక్క లైను విలువ అంత.

అలాగని పాత స్క్రీన్లన్నీ తీసేసి రంగురంగులవి పెట్టమనడం లేదు. పాతికేళ్ల అనుభవమున్న క్యాషియర్ కోడ్‌లు కొట్టే వేగం మౌస్‌తో రాదు. ఆ వేగాన్ని ఉంచి, కొత్తగా చేరినవాళ్లకు దారి చూపాలి. కష్టమైన పనే. కానీ మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది, ఐటీ కారిడార్‌లో జేపీమోర్గాన్, వెల్స్‌ఫార్గో లాంటి బ్యాంకుల ఆఫీసులున్నాయి. మన ఊళ్లో చేసేవాళ్లకు కొదవ లేదు. వాళ్లెవరైనా నెల మొదట్లో ఒక్క పూట కౌంటర్ వెనక కూర్చుంటే, ఏం మార్చాలో ఆ పసుపు చీటీలే చెబుతాయి.

అవి ఎవరు రాశారని అడిగితే ఆ అమ్మాయి నవ్వింది. "నా ముందున్న సార్ రాసిచ్చారండీ. నాకు ట్రాన్స్‌ఫర్ అయితే తర్వాత వచ్చేవాళ్లకి ఇచ్చి వెళ్తాను."