కిరీటం ముందు, రాజ్యం తర్వాత

అలెగ్జాండర్ సామ్రాజ్యం కోసం అతని వారసులు ఆసియా మైనర్‌లో తలపడిన ఇప్సస్ యుద్ధం క్రీ.పూ. 301లో ముగిసేసరికి డిమిట్రియస్‌కు తండ్రి, అలెగ్జాండర్ సేనాని అయిన ఆంటిగోనస్ లేడు, ఆయన ఆసియాలో కూడబెట్టిన రాజ్యమూ లేదు. మిగిలినవి బలమైన నౌకాదళం, సైప్రస్, టైర్, సిడాన్ వంటి కొన్ని తీర స్థావరాలు, వాటితో పాటు ‘రాజు’ అన్న హోదా. పాలించడానికి దేశమంటూ లేనివాణ్ణి కూడా ఆ కాలం రాజుగానే లెక్కించింది. అలెగ్జాండర్ తర్వాతి తరం రాచరికం ఎలాంటిదో తెలియాలంటే ఈ విచిత్రం దగ్గరే ఆగి ఆలోచించాలి.

అంతకు ఐదేళ్ల ముందు, సైప్రస్‌లోని సలామిస్ దగ్గర డిమిట్రియస్ ఈజిప్టును ఏలుతున్న టాలెమీ నౌకాదళాన్ని చిత్తు చేశాడు. ఆ విజయవార్త అందగానే ఆంటిగోనస్ కిరీటం ధరించి, కొడుక్కీ ఒకటి పంపాడు. కొద్దికాలంలోనే అలెగ్జాండర్ సామ్రాజ్యాన్ని పంచుకున్న టాలెమీ, సెల్యూకస్ (బాబిలోన్, తూర్పు ప్రాంతాలు), లైసిమాకస్ (థ్రేస్), కసాండర్ (మాసిడోనియా) కూడా రాజులమని ప్రకటించుకున్నారు. మాసిడోనియా పాత రాజవంశం అప్పటికే అంతరించింది కాబట్టి వారసత్వం గురించి అడిగేవారు లేరు. గెలిచినవాడే రాజు, ఏ దేశానికి రాజు అన్నది తర్వాత తేలే సంగతి. ఈ సూత్రాన్ని తక్కినవారు అవసరానికి వాడుకున్నారు, డిమిట్రియస్ మాత్రం దాన్నే నమ్ముకుని బతికాడు.

ఆయన రెండో పెట్టుబడి విమోచకుడన్న పేరు. క్రీ.పూ. 307లో కసాండర్ మనుషుల నుంచి ఏథెన్స్‌ను విడిపించి, లక్షా 50 వేల మెడిమ్నోస్‌ల (గ్రీకుల ధాన్యపు కొలత) ధాన్యం, 100 యుద్ధనౌకలకు సరిపడే కలప ఇప్పిస్తానని మాట ఇచ్చాడు. ఏథెన్స్ ప్రజలు తండ్రీకొడుకులను ‘రక్షక దేవతలు’గా కొలిచి, వారి పేర్లతో రెండు కొత్త ‘తెగలను’, అంటే పౌరుల విభాగాలను, ఏర్పరిచారు. దీన్ని వట్టి భజనగా కొట్టిపారేయడం తేలికే. నా దృష్టిలో అది బేరం కూడా: దేవుడని ఒప్పుకున్నవాడిని వరాలు అడగవచ్చు. అయితే ఆ దేవుడు కొన్నేళ్లకు పార్థెనాన్ ఆలయం వెనుక గదిలోనే కాపురం పెట్టి, విలాసాలతో ఆ మర్యాదను పోగొట్టుకున్నాడు. ఇప్సస్ తర్వాత అదే నగరం ఆయనను లోపలికి రానివ్వలేదు.

ఆ యుద్ధంలో ఆయన తప్పు చిన్నదేమీ కాదు. సెల్యూకస్ కొడుకు ఆంటియోకస్‌ను తరుముకుంటూ అశ్వికదళంతో చాలా దూరం వెళ్లిపోయాడు. తిరిగి వద్దామనేసరికి సెల్యూకస్ ఏనుగులు అడ్డంగా నిలిచాయి. చంద్రగుప్త మౌర్యుడితో ఒప్పందం ఫలితంగా వచ్చిన ఏనుగులవి. అటువైపు, సాయం అందక, ఎనభై ఏళ్ల ఆంటిగోనస్ ఈటెల వానలో కూలిపోయాడు. అంతకుముందు రోడ్స్ ద్వీపంలోనూ ఇలాంటి అతే కనిపిస్తుంది. తొమ్మిది అంతస్తుల ముట్టడి గోపురంతో దాదాపు ఏడాదిపాటు శ్రమించినా నగరం లొంగలేదు. ఆయన వదిలేసిన యంత్రాలను అమ్మిన సొమ్ముతోనే రోడ్స్ వాసులు తమ మహా సూర్యవిగ్రహాన్ని నిలబెట్టుకున్నారు. ‘పోలియోర్కెటీస్’, అంటే నగరాలను ముట్టడించేవాడు, అన్న పేరు ఓడిన ముట్టడితో ముడిపడి ఉండటం చరిత్రలోని చమత్కారం.

అసలు పరీక్ష మాసిడోనియాలో ఎదురైంది. క్రీ.పూ. 294లో కసాండర్ కొడుకును చంపించి సింహాసనం ఎక్కిన డిమిట్రియస్‌కు తొలిసారిగా నిజమైన దేశం దక్కింది, దాంతో చేయవలసిన పనీ దక్కింది. ప్రజల అర్జీలను పైవస్త్రంలో పోగుచేసుకుని, ఆక్సియస్ నది వంతెన మీదికి రాగానే నీళ్లలో కుమ్మరించాడని గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. తన మొర వినడానికి తీరిక లేదన్న డిమిట్రియస్‌తో ఒక ముసలమ్మ ‘అయితే రాజుగా ఉండకు’ అందని కూడా ప్లూటార్కే చెబుతాడు. ఈ కథల్లో కల్పన కొంత ఉండవచ్చు గానీ, ఆసియా మీదికి మళ్లీ దండెత్తడానికి 500 నౌకలు కట్టించబూనిన రాజు మీద సైనికులకు ఎందుకు విసుగు పుట్టిందో అవి చెబుతాయి. క్రీ.పూ. 288లో పొరుగున ఉన్న ఎపిరస్ రాజు పిర్రస్, లైసిమాకస్ చెరోవైపు నుంచి వచ్చినప్పుడు సైన్యం పిర్రస్ పక్షాన చేరిపోయింది. డిమిట్రియస్ రాజవస్త్రాలు తీసేసి, మామూలు బట్టల్లో జారుకున్నాడు.

మూడేళ్ల తర్వాత సెల్యూకస్‌కు లొంగిపోయాడు. చంపితే 2,000 టాలెంట్ల భారీ సొమ్ము ఇస్తానని లైసిమాకస్ ఆశ చూపినా, ఒకప్పుడు డిమిట్రియస్‌కు అల్లుడైన సెల్యూకస్ ఒప్పుకోలేదు. సిరియాలో మర్యాదగల బందీగా, వేటతోనూ తర్వాత మద్యంతోనూ కాలం గడిపి అక్కడే చనిపోయాడు. చితాభస్మాన్ని కొడుకు ఆంటిగోనస్ గోనటాస్ నౌకాదళంతో ఎదురెళ్లి తెచ్చి, థెస్సలీలో తండ్రి స్థాపించిన డిమిట్రియాస్ పట్నంలో ఉంచాడు. గ్రీకుల విమోచకుడి పేరున్న ఆ పట్నాన్నే, కోరింథ్, కాల్సిస్‌లతో కలిపి, తర్వాతి తరాలు ‘గ్రీసు సంకెళ్లు’ అని పిలిచాయి.