వందలోంచి ఏడు

వందలోంచి ఏడు తీస్తే తొంభై మూడు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. తొంభై మూడులోంచి ఏడు తీస్తే ఎనభై ఆరు. ఇదీ సరే. ఇప్పుడు రెండు అరచేతులూ రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి ఆవుదూడలా నిలబడండి. కుడిచెయ్యి ముందుకు చాపండి. ఎడమకాలు వెనక్కి చాపండి. ఊపిరి బిగబట్టకండి. ఎనభై ఆరులోంచి ఏడు పోతే ఎంత?

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. డెబ్బై ఎనిమిది అన్నాను.

"డెబ్బై తొమ్మిది సార్," అంది ఫిజియోథెరపీ అమ్మాయి నెమ్మదిగా. గట్టిగా అన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఎందుకంటే ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి నా దగ్గరే చదివింది.

రిటైరైన ఏడాదే బియ్యం మూట ఎత్తబోయి నడుము పట్టేయించుకున్నాను. వారంలో పోతుందన్నారు. పోలేదు. నెలలో పోతుందన్నారు. పోలేదు. మూణ్ణెల్లు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారట. నాది ఆ గీత దాటి మూడు సంక్రాంతులు చూసింది. ఈలోగా ఇంటికొచ్చిన ప్రతివాడూ ఒక వైద్యం చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. ఉలవల మూటతో కాపడం పెట్టమన్నాడు ఒకడు. పరుపు తీసేసి కడప బండల మీద పడుకుంటే వెన్ను కడ్డీలా నిలబడుతుందన్నాడు మా తోడల్లుడు. పడుకున్నాను. నిజంగానే కడ్డీలా అయింది. పొద్దున లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

తర్వాత స్కానింగ్ తీయించాను. నడుము దగ్గరుండే ఐదు పూసల్లో నాలుగో దానికీ ఐదో దానికీ మధ్య డిస్కు కొంచెం ఉబ్బిందని అందులో రాశారు. ఆ ఫిల్మును మా అమ్మాయి పెళ్ళి ఆల్బం కంటే ఎక్కువమందికి చూపించాను. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం దాన్ని వెలుతురుకేసి పట్టుకుని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేసింది.

"ఏ నొప్పీ లేనోళ్ళకు తీసినా చాలామందిలో ఇట్లాంటిది కనపడుతుంది సార్. వయసుకు జుట్టు నెరిసినట్లు."

ఆ తర్వాత నా బెల్టు వంక చూసింది. మూడేళ్ళుగా మొలతాడులా వదలకుండా కట్టుకున్న బెల్టు అది. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు వద్దనీ, వ్యాయామం చేయించమనీ, జబ్బు సంగతి విడమరిచి చెప్పమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పిందట. 2020లో లెక్కవేస్తే ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 62 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని కూడా చెప్పింది. ఇంతమంది ఉన్నామని తెలిశాక కాస్త ధైర్యం వచ్చిన మాట నిజం.

"అయితే వ్యాయామం సరేనమ్మా, మధ్యలో ఈ తీసివేతలేమిటి?"

"సార్, ఇందాక కుర్చీలోంచి లేచేటప్పుడు మీరేం చేశారు?"

ఏం చేశాను? ముందు నడుముకు కబురు పంపాను. అది సరేనన్నాక రెండు చేతులూ తొడల మీద ఆనించాను. పళ్ళు బిగబట్టాను. 'వెంకటేశా' అనుకున్నాను. అప్పుడు లేచాను.

"అదే సార్. కింద పడిన పెన్ను తీయాలన్నా మీ ధ్యాసంతా నడుము మీదే. ఎక్కడ పట్టేస్తుందోనని భయం. భయంతో కండరాలు ముందే బిగుసుకుంటాయి. ఇంట్లో అమ్మను చూడండి, ఫోన్లో మాట్లాడుతూనే వంగి బిందె ఎత్తుతుంది. వంగుతున్నానని కూడా అనుకోదు. మీ బుర్రకు వేరే పని అప్పజెబితే, నడుము తన పని తాను చేసుకోవడం మళ్ళీ అలవాటవుతుందని ఆశ. వ్యాయామమే కూర సార్, లెక్కలు తాలింపు. ఉత్త తాలింపుతో అన్నం తినలేం."

ఎనిమిదో తరగతిలో ఇంత బాగా ఒక్క జవాబూ రాసిన పిల్ల కాదు.

ఇక మొదలైంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుము పైకెత్తి, తిరుపతి నుంచి కడపకు బస్సు వచ్చే దారిలో ఊళ్ళు చెప్పాలి. కోడూరు, రాజంపేట, నందలూరు దాకా నడుము గాల్లోనే ఉంది. ఒంటిమిట్ట గుర్తొచ్చేసరికి కింద పడింది. కాలు నిలబడితే లెక్క పోతుంది, లెక్క నిలబడితే కాలు పోతుంది. రెండూ నిలబడితే ఊపిరి ఆడదు.

ఇంకో రోజు అట్టముక్కలు తెచ్చింది. పచ్చసిరాతో 'ఎరుపు' అని రాసి ఉంది. ఒంటికాలి మీద నిలబడి సిరా రంగేమిటో చెప్పాలి. 1935లో స్ట్రూప్ అనే అమెరికా ఆయన పేరు మీద వచ్చిన పరీక్షట. నేను ఠక్కున "ఎరుపు" అన్నాను.

"అడిగింది చూసుకోండి సార్. ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే సున్నా," అంది.

ఆ మాట నాదే. ఉచ్చారణతో సహా నాదే.

మూడోవారం అసలు సంగతి బయటపడింది. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి నిలబడమంది. నిలబడ్డాను. తొడలు వణుకుతున్నాయి. "ఇప్పుడు ఏడో ఎక్కం చెప్పండి సార్, కింది నుంచి పైకి."

"ఇది గోడకుర్చీ కదమ్మా?"

"అవును సార్."

ఆ అమ్మాయి ముఖం చాలా ప్రశాంతంగా ఉంది. నాకు నెమ్మదిగా గుర్తొచ్చింది. ఏడెనిమిదులు ఎంతంటే యాభై నాలుగని చెప్పినందుకు, ఎక్కం మొత్తం తప్పుల్లేకుండా అప్పజెప్పేదాకా నేను గోడకుర్చీ వేయించింది ఈ పిల్లతోనే. అప్పట్లో దాన్ని శిక్ష అనుకున్నాం. వైద్యమని తెలిసి ఉంటే ఫీజు తీసుకుని ఉండేవాణ్ణి.

"ఏడు పదులు డెబ్బై," అని మొదలుపెట్టాను. ఏడెనిమిదుల దగ్గర ఒక్కసారి గుటక వేసి, "యాభై ఆరు" అన్నాను. తల ఊపింది.

ఇంతవరకూ గది లోపలి సంగతి. ఆ వారం హోంవర్కు ఇచ్చింది. రోజూ అరగంట నడవాలి, నడుస్తూ వంద నుంచి ఏడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టాలి, పైకే పెట్టాలి. తప్పితే మళ్ళీ వంద నుంచి. "ట్రాఫిక్ లేని చోట నడవండి సార్," అని కూడా అంది. ఆ చివరి మాట నాకు సరిగ్గా వినపడలేదు. హోంవర్కును చివరి లైను దాకా వినే అలవాటు విద్యార్థులకు ఎందుకుండదో ఇప్పుడు అర్థమైంది.

ఎర్రముక్కపల్లెలో బయల్దేరి ఏడురోడ్ల కూడలి దాకా వచ్చాను. ఏడు లెక్కకు ఇంతకంటే మంచి చోటు కడపలో ఏముంటుంది అనుకున్నాను. నలభై నాలుగు దాకా చక్కగా దిగాను. వెనక నుంచి ఒక మోటార్ సైకిలువాడు హారన్ కొట్టాడు. ముప్ఫై ఏడు కాస్తా ముప్ఫై ఎనిమిదైంది. నా మీద నాకే కోపం వచ్చి, చెయ్యి పైకెత్తి, "వంద!" అన్నాను గట్టిగా.

కిర్రుమని ఒక ఆటో ఆగింది.

"వందా? ఎక్కండి సార్!"

నేను దారినే చూస్తూ "తొంభై మూడు" అన్నాను.

"ఇప్పుడేగా సార్ వందన్నారు! నేనేమన్నాననీ?"

చెబుదామంటే లెక్క తప్పుతుంది. తప్పితే మళ్ళీ వంద. "ఎనభై ఆరు."

ఆటో పక్కనే పాకుతూ వస్తోంది. "ఏం సామీ, నేను నోరు తెరిచేలోపు ఏడు దించుతాండారు? పోనీ తొంభై ఇయ్యండి."

"డెబ్బై తొమ్మిది." ఈసారి ఎనిమిది కాదు, తొమ్మిదే. నాకు లోపల్లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం ముఖంలో కనపడి ఉంటుంది. ఆటో అబ్బాయికి అది ఎగతాళిగా తోచింది. బండి ఆపి దిగి నాకు అడ్డంగా నిలబడ్డాడు. టీ బంకు దగ్గరున్న నలుగురూ గ్లాసులతో సహా వచ్చారు.

"ఏందప్పా, పెద్దాయనతో?"

"నేను రేటే చెప్పలేదన్నా. ఆయనే చెప్తాడు, ఆయనే దించుతాడు!"

"డెబ్బై రెండు," అన్నాను అతణ్ణి తప్పించుకుని కుడివైపుకు తిరుగుతూ.

"చూస్తిరా! మళ్ళీ ఏడు!"

"ఏదో లెక్క ప్రకారమే అడుగుతాండాడప్పా ఆయన," అన్నాడు గళ్ళ లుంగీ ఆయన గౌరవంగా. "గవర్నమెంటు రేటేమో."

ఇంతలో ఎడమవైపు ఇంకో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక కుర్రవాడు తల బయటపెట్టి, సంగతేమిటో కనుక్కోకుండానే అన్నాడు: "నేనొస్తా సార్. అరవై ఐదు!"

ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఎవరు సరైన జవాబు చెప్పినా నా నోరు నా మాట వినదు.

"కరెక్ట్!" అన్నాను, వేలు చూపించి మరీ.

బేరం కుదిరిపోయింది. ఎక్కడికి పోవాలో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. రేటు మాత్రం ఖాయమైంది. మొదటి ఆటో అబ్బాయి అన్యాయమన్నాడు, రెండోవాడు పెద్దమనిషి మాటంటే మాటన్నాడు. లుంగీ ఆయన నా సంచి తీసి ఆటోలో పెట్టేశాడు. నేను ఒకసారి ఇటు తిరిగి ఒకరికి, ఒకసారి అటు తిరిగి ఇంకొకరికి నచ్చజెప్పి, కింద పడిన చెప్పు వంగి తీసుకుని ఆటో ఎక్కాను. వంగి తీసుకున్నానని ఇంటి దగ్గరికొచ్చి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడ్డాక గుర్తొచ్చింది. నడుము కూడా అప్పుడే గుర్తొచ్చింది.

వంద నోటు ఇస్తే ముప్ఫై చేతిలో పెట్టాడు. "ముప్ఫై ఐదు రావాలి నాయనా," అన్నాను. "నాకు లెక్కలు రావు సార్," అని వెళ్ళిపోయాడు. ఇందాక చెప్పింది వీడేనా అనిపించింది.

"నడవమంటే ఆటోలో వచ్చినారా?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి నోట్‌బుక్కు తీసింది.

"వాకింగ్ చేశారా సార్?"

"చేశాను."

"లెక్క ఎంతవరకు వచ్చింది?"

"అరవై ఐదు."

"మొన్న ఇక్కడ ముప్ఫై దాకా దిగారు గదా. అరవై ఐదు దగ్గరే ఎందుకాగారు?"

"బేరం కుదిరిందమ్మా."

ఆ అమ్మాయి కాసేపు నన్ను చూసి, పెన్ను మూత పెట్టి, గోడవైపు చెయ్యి చూపించింది.