కంటికి కనపడని ఖర్చు దండగ

పెళ్లి భోజనంలో ఉప్పును ఎవరూ ఫొటో తియ్యరు. కారులో బ్రేక్ ఆయిల్‌దీ అదే గతి. కాబట్టి శ్రీపెరుంబుదూరు దగ్గరి చెన్నై రేస్ ట్రాక్‌లో ఈసారి ల్యాప్ టైమ్ (ఒక చుట్టుకు పట్టే సమయం) తగ్గించి తీరాలని హైదరాబాదు నుంచి బయల్దేరే సోదరులకు మొదటి సూత్రం: పెట్టిన ప్రతి రూపాయీ పార్కింగులో పది అడుగుల దూరం నుంచి కనపడాలి, లేదా వీధి చివరిదాకా వినపడాలి. ఈ రెండూ కానిది శుద్ధ దండగ.

ఈ లెక్కన ముందు వరసలో కూర్చునేవి సైలెన్సరు, వెనక రెక్క, రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు లెక్కలు మార్చి బలం పెంచడం). రీమ్యాప్ కంటికి ఆనదు గానీ హార్స్‌పవర్ అంకె ఉన్న కాగితం ఇస్తారు, దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు, కనక చెల్లుతుంది. గిట్టనివాళ్లు ఇక్కడో లెక్క తీస్తారు. 1,500 కిలోల బండి గంటకు 180 కిలోమీటర్ల నుంచి 80కి దిగాలంటే బ్రేకులు మింగాల్సిన వేడి దాదాపు 15 లక్షల జూళ్లు. అయిదు లీటర్ల నీళ్లను మరుగు పట్టించొచ్చు, ఒక్క తొక్కుకు. రీమ్యాప్ పుణ్యమా అని అదే మలుపుకు 190తో చేరితే ఆ వేడి ఇంకో 14 శాతం పెరుగుతుంది. పైగా చెన్నై ఎండలో ఇంజిన్‌లోకి పోయే గాలే కాగిపోయి ఉంటుంది. దాంతో ఆ ఇంజిన్ కంప్యూటరు, అదే ఈసీయూ, భయపడి ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి లాగుతుంది. డబ్బు పోసి కొన్న గుర్రాల్లో కొన్నింటిని మూడో ల్యాపుకే కొట్టంలో కట్టేస్తుంది. ఫరవాలేదు, కాగితం మీద అన్నీ ఉన్నాయి.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా చెప్పేద్దాం, ఎలాగూ ఈ పేరా ఎవరూ చదవరు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది తేమను పీల్చుకునే రకం. నీరు 3.7 శాతానికి చేరాక 155 దాకా తట్టుకుంటే చాలని అదే ప్రమాణం ఒప్పుకుంటుంది. అది మరిగితే పైపుల్లో ఆవిరి చేరుతుంది. నూనెను నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తగా, మర్యాదగా నేలకు ఆనుతుంది. మూడేళ్ల నాటి ఆయిల్‌తోనూ అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏమీ కాదు, అందుకే అది భేషుగ్గా ఉందనిపిస్తుంది. విరుగుడు: 300 డిగ్రీలు దాటాక గానీ మరగని రేసింగ్ ఆయిల్, అర లీటరు సీసాలు రెండు. పాతదంతా చక్రాల దగ్గర బయటికి పోయేదాకా ఎయిర్ తీయించాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి, మన బళ్లలో మామూలుగా అది ఎడమ వెనకది. మాన్యువల్ వేరే వరస చెబితే ఆ వరసే. ఇంతా చేస్తే చివరికి చేతికొచ్చేది సీసాడు నల్ల కషాయం. దాన్ని ఎవరికి చూపిస్తాం?

అందుకే శాస్త్రోక్తమైన మార్గం, కాలిపర్లకు (ప్యాడ్లతో డిస్కును పట్టి చక్రాన్ని ఆపే పట్టకార్లు) ఎర్ర రంగు. అల్లాయ్ చువ్వల సందులోంచి దివ్యంగా కనపడుతుంది. లోపల ప్యాడ్లు ఆఫీసుకు పోయేవే ఉండనివ్వండి. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉంటే సరిగా పట్టవు, సిగ్నళ్ల దగ్గర కీచుమంటాయి, చక్రాల నిండా నల్ల పొడి చల్లుతాయి. పొడి పడితే రంగెలా కనపడుతుంది? పైగా కొత్త ప్యాడ్లకు సంస్కారం చెయ్యాలట: ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20కి గట్టిగా ఎనిమిది పది సార్లు, బండిని పూర్తిగా ఆపకుండా, ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా తోలడం. ఉపనయనానికే ఇంత తంతు లేదు.

టైర్లలో గాలి సంగతి మరీ చిన్నతనం. పొద్దున చల్లగా 33 పీఎస్ఐ ఉన్నది నాలుగు ల్యాపులకు 40 దాటుతుంది, పట్టు వదిలేస్తుంది. ట్రాక్ పక్కన బళ్లు ఆపే పిట్‌లోకి రాగానే వేడి మీదే గేజీ పెట్టి 34 దగ్గరకు దింపాలి. సాయంత్రం మళ్లీ నింపాలి, లేకపోతే చల్లారి 27కి పడిపోయిన టైర్లతో నెల్లూరు దాకా ప్రయాణం. మోకాళ్ల మీద కూర్చుని గాలి తీసేవాడి ఫొటో ఏం బాగుంటుంది? క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, కూడా అలాంటిదే. కంపెనీ ఇచ్చినట్టు ఒక డిగ్రీ లోపే వదిలేస్తే ముందు టైర్ల బయటి అంచు పాత చెప్పు మడమలా ఒకపక్కే అరుగుతుంది. మైనస్ రెండున్నర దాకా ఇస్తే ట్రెడ్ మొత్తం పని చేస్తుంది. దాని బదులు స్ప్రింగులు కోయించండి. బండి నేలకు ముద్దు పెట్టినట్టుంటుంది. మలుపు మధ్యలో సస్పెన్షన్‌కు కదిలే చోటు లేక బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె మీద కూలబడితే అది లోపలి విషయం.

బరువు తగ్గించడానికి కార్బన్ బానెట్ ఉంది. స్టెప్నీ, జాకీ, సబ్‌వూఫర్ పిట్‌లో దించేస్తే పైసా ఖర్చు లేకుండా అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, అందుకే ఆ పని ఎవరూ చెయ్యరు. డాష్‌బోర్డు మీద రెండు వైపుల టేపుతో అంటించిన వినాయకుడు మొదటి బ్రేకుకే విఘ్నాలు వెతుక్కుంటూ పెడల్స్ కిందికి దొర్లుతాడు. నీళ్ల సీసా ఆయనకు తోడు. ఫ్లోర్ మ్యాటు ముందుకు జరిగి ఇద్దరికీ చాప పరుస్తుంది.

ఇక డ్రైవరు తయారీ: గ్లవ్స్, పాదాలకు రంగు షూలు. వెన్ను సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచున పడాలనీ, బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు వంగే ఉండాలనీ ఛాందసులంటారు. బ్రేకు ముందు గట్టిగా తొక్కి, మలుపులోకి తిప్పుతూ మెల్లగా వదలాలట. మనది స్వదేశీ పద్ధతి: ముందు మెల్లగా, భయం పుట్టాక గట్టిగా, ఏబీఎస్ గరగరలాడుతుండగా. పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకుంటే ఈ జబ్బు ఒక్క సెషన్‌లో సగం నయమవుతుంది. కానీ అప్పుడు వీడియో తీసే బావమరిదికి సీటేదీ?

సెషన్ అయ్యాక చివరి ల్యాపు బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా తోలి, బండిని గేరులో వదిలి దిగాలి. మనం మాత్రం చివరి మీటరు దాకా దంచి, పిట్‌లో పెడల్ తొక్కిపట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, సెల్ఫీకి దిగుతాం. కాలుతున్న ప్యాడ్లు ఆ నాలుగు నిమిషాల్లో డిస్కు మీద ఒకేచోట అచ్చు గుద్దుతాయి. రాత్రి నెల్లూరు దాటాక బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకరపోయిందని వెనక సీటు నుంచి బావమరిది తీర్పు. చిలకలూరిపేటలో టీ తాగుతూ అందరూ ఆలోచించి ఒక నిర్ణయానికొస్తారు: ఎర్ర రంగు అచ్చిరాలేదు, ఈసారి కాలిపర్లకు పసుపు వేయించాలి.